అన్నీ ఒకటే గదా సారూ!

మొయినాబాద్‌లో మా ఇంటి ముందుకు పొద్దున్నే ఒక బంతిపూలావిడ వస్తుంది. బంతి, చామంతి ఆవిడ సొంత తోటలోవే. చేవెళ్ల వైపు ఒక పల్లెలో ఎకరం చిల్లర భూమి ఉన్నది ఆవిడకు. పూత బాగా వచ్చిన రోజున మూటలు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోతాయి. మిగిలినవి గంపలో మా వీధికి వస్తాయి. ఆవిడకు చదువు రాదు గాని లెక్క తప్పదు. ముప్ఫయ్యేళ్లు లెక్కల మేష్టరుగా పనిచేసిన నేను మూరకింత అయితే నాలుగు మూరలకు ఎంత అని పెదవులు కదిలించేలోపల ఆవిడ మొత్తం చెప్పేసి గంప నెత్తిన పెట్టుకుంటుంది.

ఇది 2024 శ్రావణమాసంలో మాట. వరలక్ష్మీవ్రతం ముందురోజు. పూలు కొలిచి ఇచ్చి, "ఫోన్‌పే కొట్టు సారూ" అన్నది.

"ఫోన్‌పే నా దగ్గర లేదమ్మా. గూగుల్ పే ఉంది" అన్నాను.

"గదే గద సారూ!"

"అదే ఎట్లా అవుతుంది? అది వేరు, ఇది వేరు. అది ఒక కంపెనీ, ఇది ఒక కంపెనీ. నీ ఫోనులో ఊదారంగుది ఉంటుందే, అది ఫోన్‌పే. నాది నాలుగు రంగులది..."

"ఏదైతేంది సారూ, నా డబ్బా మాట్లాడితే సాలు. అన్నీ ఒకటే గద!"

నేను తగ్గలేదు. గుమ్మంలో నిలబడే ఏది ఎవరిది, ఏది ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది అని పాఠం మొదలుపెట్టాను. లోపలినుంచి మా ఆవిడ, "ఏమండీ, ఆవిడ పూలు వాడిపోతున్నాయి. పాఠం మధ్యాహ్నం చెబుదురుగాని, ముందు డబ్బులు పంపండి" అన్నది. పంపాను. ఆవిడ గంపలో పూల నడుమ దాచుకున్న చిన్న మాట్లాడే డబ్బా, ఇంత సొమ్ము ముట్టిందని గట్టిగా చెప్పింది. నా గూగుల్ పే నుంచి బయలుదేరిన డబ్బు ఆవిడ ఫోన్‌పేలో వాలింది. నా పాఠాన్ని ఆ డబ్బా ఒక్క మాటతో కొట్టివేసినట్టయింది.

అయినా ఆ "అన్నీ ఒకటే" అన్న మాట నాకు రోజంతా ముల్లులాగా గుచ్చుకుంటూనే ఉన్నది. మన దేశంలో ఇది కొత్త జబ్బేమీ కాదు. ఏ వనస్పతి అయినా డాల్డాయే. ఏ యంత్రం మీద తీసినా జిరాక్సే. ఏ సీసాలో నీళ్లయినా బిస్లెరీయే. మొదట ఇంట్లోకి వచ్చిన పేరు గడప దగ్గర కూర్చుని, వెనక వచ్చిన వాటన్నిటికీ తన పేరే పెట్టేస్తుంది.

మా ఊరికి పట్నంనుంచి వచ్చే చుట్టాలూ ఇంతే. ఎటు వైపు నీళ్లు కనబడినా, "ఇది గండిపేట చెరువేనా?" అంటారు. 1908లో మూసీ వరదలు వచ్చిన తరువాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని తోడునది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయినాయి. గండిపేట అని జనం పిలిచేది ఉస్మాన్‌సాగర్‌ను. పట్నంవాళ్లకు రెండూ ఒకటే నీళ్లు. మావాళ్లకు మాత్రం తమ పొలంమీద కురిసిన వాన ఏ చెరువులోకి పోతుందో తెలుసు. దూరాన్నుంచి చూసేవాడికి అన్నీ ఒకటిగా కనిపిస్తాయి, దగ్గర ఉన్నవాడికి తేడా తెలుస్తుంది. అంచేత పూలావిడ ఈ ఫోను సంగతులకు దూరంగా ఉన్నది గనుక అట్లా అన్నదనీ, నేను దగ్గరగా ఉన్నాను గనుక నాకు తేడా తెలిసిందనీ సిద్ధాంతం చేసుకుని తృప్తిపడ్డాను. ఆ తృప్తి ఎన్నాళ్లు నిలిచిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ ఆదివారం మా మనవడు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి ఈ వాదం చెబితే నవ్వి, "తాతయ్యా, దీనికి మా చదువులో ఒక పద్ధతి ఉంది. చీట్ల మీద పేర్లు రాసి జనం చేతికి ఇచ్చి, మీకు ఒకలాంటివి అనిపించినవి ఒకచోట పెట్టమంటారు. ఎట్లా పెట్టాలో మనం చెప్పకూడదు" అన్నాడు.

పాత పెండ్లిపత్రికలు మా ఇంట్లో కట్టలకొద్దీ ఉన్నాయి. వాటి వెనక వైపు 16 చీట్లు చేశాం. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, జొమాటో, స్విగ్గీ, బ్లింకిట్, మీసేవ, ధరణి, రైలు టిక్కెట్లది ఒకటి, తిరుమల దర్శనం టిక్కెట్లది ఒకటి.

ముందు మా ఆవిడ పేర్చింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, జొమాటో, స్విగ్గీ, బ్లింకిట్ ఒక కుప్ప. "ఇవి ఇంట్లోకి సామాన్లు తెచ్చేవి." వాట్సాప్, ఫేస్‌బుక్ ఒక కుప్ప. "ఇవి చుట్టాలవి." తిరుమల చీటీ పక్కన యూట్యూబ్ పెట్టింది. "అదేమిటే?" అంటే, "పొద్దున్నే సుప్రభాతం వినేది అందులోనే కదండీ. ఇవి దేవుడివి" అన్నది. ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటీ విడిగా పెట్టి, "ఇది వీడిది" అని మనవడి వైపు చూసింది. మిగిలిన ఆరూ, అంటే డబ్బులవి మూడు, రైలు, మీసేవ, ధరణి కలిపి నా వైపు తోసి, "ఇవి మీవి" అన్నది. సంసారంలో బాధ్యతలు ఎట్లా పంచుకున్నామో నాకు నలభై ఏళ్ల తరువాత లెక్కతో సహా తెలిసింది.

తరువాత మనవడు. వాడు కుప్పలు పేర్చిన తీరు మరొకటి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఒకచోట. మూడింటికీ యజమాని ఒకటే కంపెనీ. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌నూ 2014లో వాట్సాప్‌నూ కొన్నదట. యూట్యూబ్ పక్కన గూగుల్ పే, రెండూ గూగుల్‌వే. జొమాటో పక్కన బ్లింకిట్. 2022లో దాన్ని ఇది కొన్నది. ఫ్లిప్‌కార్ట్ పక్కన ఫోన్‌పే! "రెండింటిలోనూ పెద్ద వాటా అమెరికా వాల్‌మార్ట్‌ది, తాతయ్యా." మీసేవ, ధరణి, రైలు, తిరుమల ప్రభుత్వం, దేవస్థానం వైపు. అమెజాన్, స్విగ్గీ, పేటీఎం ఒంటరివి. మా ఆవిడ ఆశ్చర్యపడి, "చీరలు కొనేదీ, పూలకు డబ్బులిచ్చేదీ ఒక ఇంటివా!" అన్నది. సుప్రభాతమూ గూగుల్ పే ఒక ఇంటివి అయినందుకు మాత్రం కొంచెం నొచ్చుకున్నది.

నా వంతు వచ్చినప్పుడు నేను ఫోను తెరిచి ముందు పెట్టుకుని, మొహాలు చూసి పేర్చాను. బండి గుర్తు ఉన్నవి ఒకటి, గళ్లగళ్ల చతురస్రం స్కాను చేసేవి ఒకటి, బొమ్మలు కిందికి జారేవి ఒకటి, దరఖాస్తు ఫారాలు ఉన్నవి ఒకటి. "ఇదే శాస్త్రీయం" అన్నాను.

"శాస్త్రీయమే గాని తాతయ్యా, అవి కావాలనే ఒకలాగా ఉంటాయి" అన్నాడు మనవడు. జాకబ్ నీల్సన్ అని ఆ విద్యలో పెద్దాయన 2000 సంవత్సరంలోనే ఒక సూత్రం చెప్పాడట. మన దగ్గరికి వచ్చే మనిషి రోజులో ఎక్కువసేపు ఇతరుల చోట్లలోనే తిరుగుతుంటాడు. అక్కడ అలవాటైన తీరే మన దగ్గరా ఉండాలనుకుంటాడు. అంచేత అందరూ కొనే సామాను బుట్టను ఒకచోటే పెడతారు, వెతికే పెట్టెను ఒకచోటే పెడతారు. పోలిక అనేది అక్కడ అనుకోకుండా వచ్చింది కాదు, అతిథికి మర్యాదగా చేసి పెట్టింది. ఈ మాట నేను విన్నాను గాని, దాని వెనక ఉన్న ప్రమాదం అప్పుడు బోధపడలేదు.

మర్నాడు పొద్దున పూలావిడ వచ్చింది. గంప దింపించి, చీట్లు ఇచ్చి, మనవడు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, వాట్సాప్, యూట్యూబ్ ఒక కుప్ప. "ఇవి నాకొస్తయి." అంగళ్లవీ తిండివీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఇంకొక కుప్ప. "ఇవి మా పెద్దోడు జేస్తడు." ధరణి, మీసేవ, రైలు, తిరుమల మూడవ కుప్ప. "ఇవి మీసేవ కాడ పిలగాడు జేస్తడు. ఆనికి పైసలియ్యాలె."

మేము ముగ్గురమూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మా ఆవిడ అవసరాన్ని బట్టి పేర్చింది, మనవడు యజమానిని బట్టి పేర్చాడు, నేను మొహాన్ని బట్టి పేర్చాను. ఈవిడ, ఎవరి చేతిమీదుగా ఆ పని తనకు అవుతుందో దాన్ని బట్టి పేర్చింది. చీట్లు అవే పదహారు. ఎవరి కుప్పా ఎవరి కుప్పతోనూ కలవలేదు. ఎవరిదీ తప్పూ కాదు.

అప్పటినుంచి ఈ పోలిక అనే విషయాన్ని గురించి కొంత చదివాను. మన నైయాయికులు దీన్ని తక్కువగా చూడలేదు. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అనే వాటితోపాటు ఉపమానాన్ని కూడా ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. గవయం అనే అడవి మృగం ఆవులాగా ఉంటుందని ఎవరో చెప్పగా విన్నవాడు, అడవిలో దాన్ని చూసి ఇదే గవయం అని తెలుసుకుంటాడు. తెలిసినదాని పోలికతో తెలియనిదాన్ని పట్టుకోవడం అది. ఫోన్‌పే తెలిసిన పూలావిడ గూగుల్ పేను పట్టుకున్నదీ ఈ దారినే. కాని అదే పోలిక మనల్ని మోసం చేస్తుందనీ మన పెద్దలు చెప్పారు. మసకచీకటిలో తాడు పామై కనిపిస్తుంది, ముత్యపు చిప్ప వెండి అయి మెరుస్తుంది.

1977లో ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకొక ముచ్చట చెప్పాడు. పోలిక రెండు వైపులా సమానంగా ఉండదట. ఉత్తర కొరియా చైనాలాగా ఉందని జనం తేలిగ్గా ఒప్పుకుంటారు గాని, చైనా ఉత్తర కొరియాలాగా ఉందనరు. దీనికి మాకు కొరియాదాకా పోవలసిన పని లేదు. మా మండలంలోనే చిలుకూరు ఉన్నది. తిరుపతికి ఏటా పోయే భక్తుడు జబ్బుపడి పోలేకపోతే, స్వామి కలలో కనిపించి నేను నీ దగ్గరి అడవిలోనే ఉన్నానని చెప్పాడని స్థలపురాణం. చిలుకూరు తిరుపతి వంటిదని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తిరుపతి చిలుకూరు వంటిదని ఎవరైనా అన్నారా? పెద్దదాని పోలిక చిన్నదానికి వస్తుంది గాని, చిన్నదాని పోలిక పెద్దదానికి పోదు. గూగుల్ పే ఫోన్‌పే వంటిది పూలావిడకు. ఫోన్‌పే గూగుల్ పే వంటిది నాకు. ఎవరి తిరుపతి వారిది.

ఇక మనవడు చెప్పిన ఒక్క సంగతి నా పాఠం మొత్తాన్ని తుడిచిపెట్టింది. ఈ మూడు పేర్ల అడుగున నడిచే దారి ఒకటేనట. దాని పేరు యూపీఐ. 2016 ఏప్రిల్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌వారు దాన్ని ప్రారంభించారు. ఆ సంవత్సరం నవంబరులో పెద్దనోట్లు రద్దయి, బ్యాంకుల ముందు మనమంతా వరుసల్లో నిలబడ్డ తరువాత అది ఇంటింటికీ పాకింది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం ఆ దారిమీద నడిచే బండ్లు. అందుకనే ఒకదానిలోనుంచి పంపింది మరొకదానిలో పడుతుంది. అంటే పైపైన తేడా చూసిన నేను లోతు చూడలేదు. ఏమీ చదువుకోకుండా "అన్నీ ఒకటే" అన్న ఆవిడ లోతునే చెప్పింది.

అయితే నాకు బుద్ధి రావడానికి ఇది చాలలేదు.

ఆ యేడు దసరా వెళ్లిన వారం. మా ఆవిడ తెప్పించిన ప్రెషరు కుక్కరు మూత సరిగా పడక వాపసు చేశాం. డబ్బు రాలేదు. ఆ అంగడివారి ఫిర్యాదు నంబరు కోసం ఫోనులో వెతికాను. మొదట వచ్చిన నంబరుకు చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నారు ఆ కుర్రవాడు! "సార్, క్షమించండి సార్" అని, ఒక పేజీ పంపించాడు. అదే రంగు, అదే అక్షరాలు, అదే గుర్తు, బుట్ట కూడా ఉండవలసిన చోటనే ఉంది. మొహం చూసి పేర్చే శాస్త్రీయుణ్ణి కదా, నాకు ఇసుమంత అనుమానం కలగలేదు.

"మీకు రూ. 1,999 పంపుతున్నాను సార్. మీ ఫోనులో కనిపిస్తుంది. ఒప్పుకుని, మీ పిన్ కొట్టండి, జమ అవుతుంది" అన్నాడు. కొట్టాను. జమ కాలేదు, పోయింది. "సర్వరు తప్పు సార్, రెండూ కలిపి వస్తాయి, మళ్లీ కొట్టండి" అన్నాడు. కొట్టాను. మూడవసారి కూడా కొట్టాను. మూడు పందొమ్మిది వందల తొంభై తొమ్మిదులు ఎంతో లెక్కల మేష్టరుకు వెంటనే తెలిసింది, రూ. 5,997. అవి మా ఆవిడ చీటీ కట్టడానికి ఇచ్చినవి.

ఆ తరువాత నేను చేసిన పని మొదటి తెలివితక్కువ కంటె పెద్దది. ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. పూలావిడకు ఫోను పాఠం చెప్పిన మనిషి, మనవడి ముందు శాస్త్రీయం అన్న మనిషి, ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడ ఒంట్లో బాగులేదేమోనని మిరియాల చారు పెట్టింది. అది తాగుతుంటే ఇంకా సిగ్గు వేసింది.

మూడవరోజు పొద్దున గుమ్మంలో పూలకు డబ్బు పంపబోతే చెయ్యి వణికింది. పూలావిడ చూసింది. "ఏమాయె సారూ?" అన్నది. ఏమిటో గాని ఆవిడకు చెప్పేశాను. మా ఆవిడ వెనక నిలబడి వింటున్నదని తరువాత తెలిసింది.

పూలావిడ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "ఇచ్చెటోనికి నీ తాళంచెవి ఎందుకు సారూ?" అన్నది.

నేను తెల్లబోయాను. ఆవిడే మళ్లీ చెప్పింది. "నాకు దినాం ఎంతమంది పంపుతరు? నేనెన్నడన్న నంబరు కొట్టిన్నా? పైసలు వస్తయి, డబ్బా మాట్లాడతది. నంబరు కొట్టుడు నేనిచ్చేటప్పుడే. కొందరు పోరగాండ్లు పైసలు పంపినమని ఫోనుల బొమ్మ చూపిస్తరు. అచ్చం అట్లనే ఉంటది. నేను బొమ్మ సూడ. డబ్బా మాట్లాడితేనే పూలు."

ఆవిడ చెప్పిన నకిలీ బొమ్మలు నిజంగానే తిరుగుతున్నాయి. డబ్బు పంపినట్టు తెర మీద చూపించడం కోసమే తయారైన దొంగ యాప్‌లు ఉన్నాయి. చదువు వచ్చినవాడు ఆ తెర చదివి నమ్ముతాడు. ఈవిడ చదవలేదు గనుక నమ్మదు. ఆ మూడు పేర్లూ ఒకటే అన్న ఆవిడకు, ఇవ్వడమూ పుచ్చుకోవడమూ మాత్రం ఎన్నడూ ఒకటి కాలేదు. ఏ తేడా చూడాలో అది చూసింది, ఏది అక్కర్లేదో వదిలేసింది. నేను కంపెనీ పేర్లూ రంగులూ పట్టుకుని వేలాడి, సొమ్ము ఎటు నడుస్తున్నదో చూడలేదు.

మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. "ముందు ఆ నంబరుకు చెయ్యండి" అన్నది. 1930కి చేశాను. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. ఫిర్యాదు రాసుకున్నారు గాని, జరిగిన గంటలోపల చెప్పి ఉంటే డబ్బును దారిలో ఆపే వీలు ఎక్కువగా ఉండేదన్నారు. మూడు రోజుల్లో అది ఎన్ని ఖాతాలు దాటిందో! ఇంతవరకు ఒక్క పైసా తిరిగి రాలేదు. ఆ రూ. 5,997లో ఎంత భాగం దొంగ పట్టుకుపోయాడో, ఎంత భాగం నా సిగ్గు పట్టుకుపోయిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నన్ను ముంచిన ఆ అడిగే కాగితం, అంటే ఒక మనిషి మరొక మనిషికి యూపీఐలో డబ్బు కావాలని పంపే కోరిక, 2025 అక్టోబరు 1 నుంచి ఆపివేశారు. కొంత మేలే. బ్యాంకుల చిరునామాల చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పి, 2025 అక్టోబరు ఆఖరును గడువుగా పెట్టింది. ప్రభుత్వంవారి చిరునామాల చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుంది. మొహం ఎవరైనా పెట్టుకోవచ్చు గాని, ఇంటిపేరు అంత సులభంగా దొంగిలించలేరు. అంచేత ఇప్పుడు నేను పేజీ రంగు చూడటం మాని, ముందు చిరునామా చివర చూస్తున్నాను.

ఇంతవరకు చదివి, సరే, పూలావిడదే పైచేయి, మేష్టరు ఓడిపోయాడు అనుకుంటారు గాబోలు. ఒక్క పందెంలో మాత్రం నేను కూడా గెలిచాను.

ఆవిడ భూమి ఎకరం పది గుంటలు. పాసుపుస్తకంలో ఎకరం ఆరు గుంటలే పడింది. ఎక్కడ, ఎవరి చేతిలో తప్పిందో గాని నాలుగు గుంటలు లేవు. బంతి వేసే చెల్క అది. కొన్నాళ్లు తిరిగి, పని కాక విసిగి ఊరుకున్నది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆ సంగతి చెబితే ఆవిడ పెదవి విరిచి, "పేరు మార్చిన్రు గని అన్నీ ఒకటే గద సారూ. గదే మీసేవ, గదే పిలగాడు, గదే లైను" అన్నది.

ఆవిడ కుప్పలో చూస్తే నిజమే. అదే చేతిమీదుగా పోవాలి గనుక ఆవిడకు అదీ ఇదీ ఒకటే. కాని తెర వెనక ఉన్న చట్టం ఒకటి కాదు. 2020 నాటి చట్టంలో తప్పు పడితే పై అధికారికి అప్పీలు చేసుకునే ఏర్పాటు లేదు. 2025 చట్టంలో ఉన్నది. కింది ఆఫీసులో కాదన్నంత మాత్రాన ఇంటికి వచ్చి కూర్చోనక్కర్లేదు. ఈసారి నేను రంగులూ కంపెనీలూ చెప్పలేదు. "నీ పూలు ఒకరు కొననంటే గంప దించేస్తావా? పక్క వీధికి పోతావు కదా. ఇదివరకు పక్క వీధి లేదు, ఇప్పుడు ఉంది" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "గట్లనా?" అన్నది.

ఆ ఎండాకాలంలోనే ఒకరోజు ఇద్దరమూ బస్సెక్కి చేవెళ్ల పోయాం. ఆవిడ ఆధారు చూపించి జీరో టిక్కెట్టు తీసుకున్నది, నేను డబ్బిచ్చి కొనుక్కున్నాను. కిటికీ పక్కన కూర్చుని మర్రిచెట్లు చూస్తూ పోయాను. ఆ దారి పొడుగునా వందలకొద్దీ ఉన్నాయవి. నేలకు దిగిన ఊడలు లావెక్కి, దేనికది వేరే చెట్టులాగా నిలబడి ఉంటాయి. తీరా చూస్తే అన్నీ ఒకే చెట్టు. ఇంకొకచోట రోడ్డుకు ఆ వైపునుంచి ఒక కొమ్మ, ఈ వైపునుంచి ఒక కొమ్మ వచ్చి పైన కలిసి, ఒకే చెట్టు గొడుగు పట్టినట్టు ఉంటుంది. తీరా చూస్తే రెండు చెట్లు. ఇన్నేళ్లుగా ఆ దారిన పోతూ వస్తూ ఈ రెండూ చూస్తూనే ఉన్నాను గాని, చూశానని ఆ రోజే తెలిసింది.

"ఏం జూస్తున్నవ్ సారూ?" అన్నది పూలావిడ.

"చెట్లమ్మా. ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నా."

"లెక్కకు రావు సారూ అవి. మొదలు జూడాలె" అన్నది.

దరఖాస్తు పెట్టి వచ్చాం. నాలుగు గుంటల సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా తిరుగుతానంటున్నది ఆవిడ, పక్క వీధి ఉన్నదిగా అని.

మొన్న ఉగాదికి పూలు తెచ్చి, ఎప్పటిలాగే "ఫోన్‌పే కొట్టు సారూ" అన్నది. నేను గూగుల్ పే తెరిచి కొట్టాను. డబ్బా మాట్లాడింది. మా ఆవిడ లోపలినుంచి, "ఏమండీ, ఇవాళ పాఠం లేదా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.